నల్లరాయి, ఎర్రరాయి అతుక్కున్న చోటు

మా ఆవిడ కాలేజీలో రాళ్ల గురించి పాఠాలు చెబుతుంది. నేను దర్జీని. రాళ్లకీ గుడ్డలకీ పొత్తు ఎలా కుదిరిందని మా తమ్ముడు ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. కుదిర్చింది సైకిలు. ఏటా ఆమె విద్యార్థుల్ని సైకిళ్ల మీద కొండల్లోకి తీసుకెళ్తుంది. గుడారం, తిండి, సుత్తి, ఏరిన రాళ్లు, అన్నీ సైకిలుకి కట్టే సంచుల్లోనే. ఆ సంచులు కుట్టించుకోవడానికి మొదటిసారి నా షాపుకొచ్చింది. కుట్టు గట్టిగా లేదని పోట్లాడి వెళ్లింది. మళ్లీ వచ్చింది.

"కారులో పోతే కొండ కనబడుతుంది. తొక్కుకుంటూ పోతేనే కొండ తెలుస్తుంది" అంటుంది. మెత్తటి రాయి పోయి గట్టి రాయి వచ్చిందని పుస్తకం కన్నా ముందు పిల్లల పిక్కలే చెబుతాయట. సణుగుతూ వెళ్లిన పిల్లలు ఎండకి కమిలిపోయి, సరిగా కూర్చోలేక, నవ్వుకుంటూ తిరిగొచ్చేవారు. ఆమె దగ్గర ఒకటే చట్టం. ఎవరు ఏరిన రాయి వాళ్లే మోయాలి. ఎక్కడ ఏరారో చెప్పలేని రాయి కంకరతో సమానం.

పోయినేడు ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇక సైకిలు ముట్టొద్దన్నాడు డాక్టరు. ఇదొక్కసారి పిల్లలతో వెళ్తానంది. ఆ కొండల్లో నల్లరాయి కరిగి, కిందనుంచి పొంగుకొచ్చి, ఎర్రరాయిని కాల్చిందని ఆమె ఉద్యోగంలో చేరిననాటి నుంచీ వాదిస్తోంది. రెండూ అతుక్కున్న చోటు ఎవరికీ కనబడలేదు కనుక తోటి మేష్టర్లెవరూ నమ్మలేదు. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేయడానికి కొండను కోస్తే ఆ చోటు బయటపడిందని కబురొచ్చింది. కోసిన మేరా త్వరలోనే సిమెంటు గోడ కట్టేస్తారట.

"ఆ అతుకు ముక్క ఒక్కటి చేతికొస్తే చాలండీ. తర్వాత సైకిలు అమ్మేయండి" అంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిదాని సంగతి నన్నడగండి.

ముక్క దొరికింది. ఫోనులో ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

"అరచెయ్యంత ఉందండీ. ఎర్రది అంచున ఇటుకలా కాలింది."

"కొండను తవ్వి ఎలుకను పట్టావన్నమాట."

"మీకు ఎలుకే కనబడుతుంది" అని నవ్వి, దగ్గింది. నవ్వుకన్నా దగ్గే ఎక్కువసేపు వినబడింది.

తిరిగొచ్చిన మర్నాడు వంటింటి బల్ల మీద సంచి విప్పింది. రాయిని నాలుకతో తడిపి చూడడం రాళ్ల మేష్టర్లకు అలవాటు. తడిస్తే లోపలి గింజలు తేటగా కనబడతాయి. అతుకు ముక్కను నాకింది. మళ్లీ నాకింది. ఎరుపు ఆమె వేలికి అంటుకుని వచ్చేసింది. అది కాలిన రాయి కాదు, నల్లరాయికి పట్టిన మట్టి. మిగతావీ విప్పి చూసింది. చుట్టిన కాగితాలు ఆమెవే, వాటిమీద రాత ఆమెదే. లోపలి రాళ్లు మాత్రం ఆమె ఏరినవి కావు.

కబురు పెడితే ఆ జట్టులోని కళ్లద్దాల పిల్ల వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"కనుమ ఎక్కేటప్పుడు మేడంకి ఊపిరాడలేదంకుల్. అడిగి సంచి మేం తీసుకున్నాం. సగం ఎక్కేసరికి మా వల్లా కాలేదు. ఇవే రాళ్లు కింద కూడా ఉంటాయి కదా అనుకుని లోయలోకి పారబోశాం. దిగాక అలాంటివే ఏరి, ఆ కాగితాల్లోనే చుట్టాం."

నాకు ఒళ్లు మండిపోయింది. చదువుకుంటున్నది ఇందుకేనా అన్నమాట నోటిదాకా వచ్చింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏమైనా తిన్నావా?" అని ఆ పిల్లనడిగింది. పిల్ల ఏడ్చేసింది.

ఆ పిల్ల వెళ్లాక మా ఆవిడ, "దాన్నేమీ అనకండి. అడగ్గానే సంచి ఇచ్చేసింది నేను. నా రాయి నేను మోయలేకపోయాను" అంది.

మర్నాడు షాపు మూసి, ఆమె సుత్తి తీసుకుని, బస్సెక్కి ఆ కొండ కోసిన చోటికి వెళ్లాను. రాయి గురించి నాకేం తెలుసని వెళ్లానో నాకే తెలియదు. అప్పటికే గోడ లేచింది. చెయ్యి ఆనించి చూశాను. సిమెంటు తడి ఇంకా ఆరలేదు.

ఇంటికొచ్చి సుత్తిని దాని మేకుకి తగిలించాను. ఆమె మంచం మీద దిండ్లకు చేరగిలబడి ఉంది. నా ముఖం చూసింది. నా అరచేతికి అంటిన సిమెంటును తన చీర చెంగుతో తుడిచింది.

"గోడ వెనకే ఉంటుంది లెండి" అంది. "దానికేం తొందర లేదు. నాకే."