నాకు బాగా తెలిసిన తేదీ

రెండేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు డెబ్బై, మావారికి డెబ్బై నాలుగు. చెన్నై నుంచి ఐదు రోజుల ఓడ ప్రయాణానికి టికెట్లు కొన్నాక, పుప్పాలగూడలోని మా ఫ్లాట్‌లో కూర్చుని పదకొండు రోజులు ఏడు ఇన్సూరెన్స్ పాలసీలు పోల్చాను. ఒకటి ఎంచి, ఫారాలు నేనే నింపాను.

మూడో రోజు ఉదయం ఓడ శ్రీలంక రేవులో ఉండగా మావారికి గుండెనొప్పి వచ్చింది. రేవు దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్తే, చేర్చుకోవాలంటే ఇన్సూరెన్స్ అనుమతి కావాలన్నారు అక్కడివాళ్లు. మాదాపూర్‌లోని కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒకమ్మాయి పలికింది.

"అమ్మా, పాలసీల సార్ పుట్టిన తారీఖు ఆగస్టు పందొమ్మిది అని ఉంది. పాస్‌పోర్టుల జులై ఒకటి ఉంది గదా!"

జులై ఒకటి, బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన తేదీ. ఆగస్టు పందొమ్మిది, ఏటా నేను పాయసం వండే రోజు.

"ఆయన నిజంగా పుట్టింది ఆ రోజేనమ్మా!"

"నిజమే గావచ్చు, కాయితం గావాలె గదమ్మా. పరేషాన్ గాకుండ్రి, మా పెద్దసారును అడుగుత."

మావారు మూలుగుతూనే, "నేనెవరో తేలిందా?" అన్నారు.

తేలడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆయన బతికారు. కానీ ముందే వైద్యం అందుంటే గుండె ఇంత దెబ్బతినేది కాదన్నాడు డాక్టరు. ఇప్పుడు పది మెట్లెక్కితే ఆయాసపడతారు.

ఏడు పాలసీల షరతులన్నీ రెండేసిసార్లు చదివాను. చూడకుండా రాసింది ఆ ఒక్క తేదీనే, అది నాకు బాగా తెలుసని.