లెక్కకు రాని సమాధానం

పోయినవి ముందు చెబుతాను. డీప్ ఫ్రీజర్ ఒకటి. పెద్ద స్టవ్‌లు రెండు. సోనా మసూరి బియ్యం పన్నెండు బస్తాలు, కందిపప్పు నాలుగు. ఇండియా నుంచి మోసుకొచ్చిన గ్రైండర్. వంటగదికి కట్టిన అడ్వాన్సు. నిద్ర కూడా పోయింది గానీ, దాన్ని కొలవడం నాకు రాదు కాబట్టి లెక్కలో వేయలేదు.

ఇదంతా టొరంటో శివారు స్కార్‌బరోలో, మన స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్న రోజుల్లో. ఒక్కో ఇంట్లో పదేసి మంది ఉండేవాళ్లు. చదువూ, షిఫ్టూ, బస్సులూ పోను వండుకునే తీరిక ఎవరికీ లేదు. నేను ఒక బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని వాళ్లకు క్యారేజీలు పంపేదాన్ని. మనిషికి రోజుకొక భోజనం, నెల డబ్బులు ముందే కట్టాలి. నేను పదో తరగతి తప్పాను. లెక్కలు మా నాన్న కిరాణా కొట్టులో చూసి నేర్చుకున్నవే. బొటనవేలితో మిగతా వేళ్ల కణుపులు తడుముతూ ఎంత పెద్ద కూడికైనా చేస్తాను.

ఒక జనవరిలో చలికి పైపు పగిలింది. పొద్దున వెళ్లేసరికి మోకాలి లోతు నీళ్లు. ఇంటి ఓనర్ వంటగది మూసేయమన్నాడు. అతని ఇన్సూరెన్సులో నా సామాను లేదు. డబ్బు కట్టినవాళ్లు ఇరవై ఆరుగురు, ఆ నెలలో ఇంకా పందొమ్మిది రోజులున్నాయి. అంటే నాలుగు వందల తొంభై నాలుగు భోజనాలు బాకీ. వాళ్ల డబ్బంతా ఆ నీళ్లలో నానుతున్న బస్తాల్లోనే ఉంది.

ఆ తర్వాత బస్సులో కూర్చున్నా, అంట్లు తోముతున్నా నా బొటనవేలు ఆగలేదు. ఎటునుంచి వేసినా అదే అంకె వచ్చేది, మళ్లీ మొదలుపెట్టేదాన్ని.

ఒకరోజు ఆ ఇరవై ఆరుగురిలో ఒక అమ్మాయి మా ఇంటి తలుపు తట్టింది.

"డబ్బుల కోసమా అమ్మా?"

"కాదాంటీ. ఆదివారం మా ప్రార్థనకి వస్తారేమోనని."

"దేవుడి మీద అలిగి ఉన్నానమ్మా నేను."

"అక్కడికొచ్చే అలగండి. టీ కూడా ఇస్తారు."

వెళ్లాను. అద్దెకు తీసుకున్న హాలు, ఎక్కువమంది తెలుగు పిల్లలే. ప్రార్థన చివర పాస్టరు అయ్యగారు చేతులెత్తి, దేవుని సమాధానం మీ అందరికీ కలుగుగాక అన్నారు. నేను నిటారుగా కూర్చున్నాను. అందరూ టీ దగ్గరికి వెళ్లిపోయారు. నేను కుర్చీలోంచి లేవలేదు.

"ఏమ్మా, టీ తాగలేదే?" అన్నారు అయ్యగారు.

"సమాధానం ఎప్పుడు చెబుతారండీ?"

ఆయన నవ్వలేదు. ఆ అమ్మాయి మాత్రం టీ ఒలకబోసుకుంది. "ఆంటీ, సమాధానమంటే ఆన్సర్ కాదు, శాంతి. మా బైబిల్లో అలాగే ఉంటుంది."

"అయితే శాంతి అనే అనొచ్చుగా?" అన్నాను. ప్రార్థనకొచ్చి లెక్క అడిగినట్టు సిగ్గేసింది. అయినా మరుసటి ఆదివారం వెళ్లాను, ఆ తర్వాతా వెళ్లాను. ఒక వారం పాట మధ్యలో చెయ్యి చూసుకుంటే, బొటనవేలు చూపుడువేలి రెండో కణుపు మీద కదలకుండా ఉంది. ఎప్పుడు ఆగిందో తెలియదు. అంకె గుర్తుంది, భయం లేదు. ఆ రోజు ఇంటికొచ్చి మధ్యాహ్నమే నిద్రపోయాను.

మా ఆయన ఊరుకోలేదు. "వ్యాపారం మునిగాక దొరికాడా నీకు దేవుడు?"

"మునిగాకే దొరికాడు. తేలుతున్నప్పుడు నేను వెతకలేదు."

"అయితే ఆ భోజనాల బాకీ కూడా ఆయన్నే తీర్చమను."

బాప్తిస్మం తీసుకుంటానని అడిగాను. ముందు సభలో సాక్ష్యం, అంటే దేవుడు నాకు చేసిన మేలు, చెప్పాలన్నారు. సంఘ పెద్ద ఒకాయన ప్రేమగానే నేర్పబోయారు. "సిస్టర్, ప్రభువు నా భారమంతా కొట్టేశాడని చెప్పండి. పిల్లలు కూడా ఎవరూ అడగట్లేదు కదా."

"అడగకపోతే బాకీ పోతుందా అంకుల్?"

"మరి బాకీ ఉందంటే, సమాధానం దొరకలేదనుకుంటారమ్మా. అలాంటప్పుడు బాప్తిస్మం కొన్నాళ్లు ఆగడం మంచిది."

ఆ బాప్తిస్మం నీళ్లలో దిగాలని నాకెంత ఉందో ఆయనకు తెలియదు. అయినా లేని మాట చెప్పి దిగను. ఆదివారం లేచి నిలబడ్డాను. "నాకు సమాధానం దొరికింది. నాలుగు వందల తొంభై నాలుగు భోజనాలు అలాగే ఉన్నాయి. దేవుడు వాటిని కొట్టేయలేదు, నేను కొట్టేయమని అడగలేదు. వండే ధైర్యం ఇచ్చాడు. ఇదే నా సాక్ష్యం. చాలదంటే కూర్చుంటాను."

కూర్చోకుండా నిలబడే ఉన్నాను. సంఘ పెద్ద నేల చూశారు. వెనక నుంచి ఎవరో కుర్రాడు, "ఆంటీ, గోంగూర కూడా లెక్కలో ఉందా?" అన్నాడు. హాలంతా నవ్వింది. అయ్యగారు లేచి, వచ్చే ఆదివారం బాప్తిస్మానికి తెల్లబట్టలు తెచ్చుకోమన్నారు.

అప్పటినుంచి ఇంటి స్టవ్ మీదే, వారానికి ఐదారు క్యారేజీలు కడుతున్నాను. కొందరు ఇక్కడికి రెండు గంటల దూరంలో ఉన్న ఇంకో లండన్‌కి వెళ్లిపోయారు. అటు వెళ్లేవాళ్ల చేత పంపిస్తాను. హాలిఫాక్స్‌లో ఉన్నవాళ్లు టొరంటో వచ్చినప్పుడు మా ఇంట్లో తింటారు. "వదిలేయండాంటీ, ఎప్పటి మాట" అంటారు. వాళ్లు తినకుండా లెక్కలోంచి కొట్టేయను. మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు, నవ్వనీ. నాకు నిద్ర పడుతోంది, ఇంకా నూట ముప్పై ఏడు భోజనాలు పెట్టాలి.