బుధవారం ఇవ్వని ఫైలు

నాలుగేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో అనగలుగుతున్నాను.

మా న్యాయవాదుల సంఘానికి అధ్యక్షుడిగా చేసిన పెద్దాయన సంగతి ఇది. అందరం సార్ అనేవాళ్ళం. సొంతూరు తెనాలి, ఉండేది ఇక్కడ గల్ఫ్‌లో, డేరా అనే పేటలో. వారం వారం ఊరి చివరి అల్ కుసైస్ వెళ్ళి, లేబర్ క్యాంపుల్లో ఉండే మనవాళ్ళ కాగితాలు ఉచితంగా చూసేవారు. ఎదుటి మనిషి ఏడుస్తుంటే ముందు చాయ్ తెప్పించేవారు, ఆ తర్వాతే కేసు. నేను నెల్లూరు నుంచి వచ్చిన కొత్తలో పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పారు. నాది నోటిదురుసు. "ఆ నోరు పోగొట్టుకోకు తల్లీ, మన పనికి అదే కావాలి" అనేవారు.

నాలుగేళ్ళ కిందట జనవరిలో ఇక్కడ వారాంతపు సెలవులు మారాయి. అంతవరకూ శుక్ర, శనివారాలు సెలవు. మారాక శుక్రవారం సగం రోజు పని, శని ఆదివారాలు సెలవు. సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పెట్టిందీ నేనే.

భీమవరం వైపు నర్సు ఒకామె చెప్పకుండా పారిపోయిందని యజమాని ఫిర్యాదు చేశాడు. అది వట్టి అబద్ధం. అప్పీలు వేయకపోతే ఆమెకు ఇక్కడ మళ్ళీ పని దొరకదు. గడువు, సెలవులు మారాక వచ్చిన మొదటి శుక్రవారం. నాకేమో పదేళ్ళ అలవాటు. శుక్రవారం సెలవే కదా, గడువు తర్వాతి పనిరోజుకి జరుగుతుంది, ఆదివారం చూసుకుందాంలే అనుకున్నాను. సార్ సంతకం కావాల్సిన ఫైలు నా సంచిలోనే ఉండిపోయింది. ఆదివారం పొద్దున సంచి తీసుకుని బయల్దేరబోతుంటే సెలవులు మారాయని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. అప్పటికే గడువు దాటిపోయింది.

సోమవారం ఆయన రాకముందే ఆ ఫైలును ఆయన టేబుల్ మీది పేపర్ల అడుగున దూర్చాను.

"అమ్మాయ్, ఆ నర్సు ఫైలు ఏమైంది?"

"బుధవారమే మీ టేబుల్ మీద పెట్టాను కదా సార్."

వెతికారు. దొరికింది. గడువు తేదీ దగ్గర వేలు పెట్టారు.

"నిజమేనమ్మా. నాకసలు గుర్తే లేదు. బుర్ర ఖలాస్ అయిపోయినట్టుంది" అని నవ్వారు.

ఎందుకన్నాను ఆ మాట? భయమా? పొగరా? తప్పైపోయింది సార్ అంటే సరిపోయేది, ఆయన తిట్టే మనిషి కూడా కాదు, మరి అంత పెద్ద నోరున్న దాన్ని ఆ ఒక్క మాట ఎందుకు అనలేకపోయాను?

సంఘం సమావేశంలో ఆయనే లేచి తప్పు తనదన్నారు. నేను రెండో వరుసలో కూర్చుని వాటర్ బాటిల్ మూత తిప్పుతున్నాను. నర్సుకి కూడా ఆయనే ఫోన్ చేసి క్షమించమన్నారు. ఆమె ఇండియా వెళ్ళిపోయింది. రెండు నెలలకి ఆయన పదవి వదిలేశారు. వద్దు సార్ అని బతిమాలిన వాళ్ళలో నేనూ ఉన్నాను, సిగ్గులేకుండా. అప్పట్నుంచీ ప్రతిదీ రెండుసార్లు అడిగేవారు. "ఇది నీకు నిన్న చెప్పానా తల్లీ?" అని. నా కళ్ళలోకి చూసి అడిగేవారు, నన్ను నమ్మి. ఆయన బుర్ర నిక్షేపంగా ఉందని ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు.

కిందటి నెల పోయారు. సంస్మరణ సభలో నన్నే మాట్లాడమన్నారు. మైకు పట్టుకుని ఏడ్చేశాను. ఎంత అభిమానమో అనుకుని అందరూ ఓదార్చారు. అభిమానం నిజమే. అందుకే ఆ ఓదార్పు భరించలేకపోయాను.

సభ అయ్యాక ఆయన భార్య, మా ఆంటీ, ఆయన జేబు పుస్తకం నా చేతిలో పెట్టారు. "ఇందులో నీ పేరే ఎక్కువుందమ్మా, నువ్వే ఉంచుకో" అన్నారు. మొదటి పేజీలో ఆయన గుండ్రటి అక్షరాలు: "అమ్మాయి బుధవారమే ఫైలు ఇచ్చింది. నేను మరచిపోయాను. ఇకనుంచి ప్రతిదీ రాసుకోవాలి." వెనక పేజీలో ఆ నర్సు ఫోన్ నంబరుంది. ఆమెకి ఇంకా చేయలేదు. చేయాలి.

ఇవాళ పెన్ను తీసుకుని ఆయన అక్షరాల కిందే రాశాను. ఇన్నాళ్ళకి ఊపిరాడింది.

"ఇవ్వలేదు సార్. మీరేమీ మరచిపోలేదు."