ఆకుపచ్చ వైరు

ఏళ్ల తరబడి గొంతుకు అడ్డంపడి ఉన్న మాట ఒకటుంది. నా భార్యతో కూడా అనలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో అంటున్నాను.

గన్నవరంలో మా పక్కింటి డేనియల్ అన్న చర్చిలో గిటార్ వాయించేవాడు. ప్రాక్టీసంతా ఇంట్లోనే. గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్ ఒక గోడ ప్లగ్గులో, మైకు మిక్సర్ ఎదురుగోడ ప్లగ్గులో. రెండూ కలిపితే గుంయ్‌మని ఒకటే మోత. సౌండు పనిలో నాకు వీధంతా పేరు. ఆ పేరంటే నాకు మహా ఇష్టం. రెండు ఎర్తుల మధ్య కరెంటు తిరగడం వల్లే ఆ మోత అని, రెండింటినీ ఒకే బోర్డుకు పెడితే పోతుందని చూడగానే అర్థమైంది. అయితే బజారుకెళ్లి పొడుగు వైరు తేవాలి. ఎండ మండిపోతోంది. బద్ధకించాను. యాంప్ ప్లగ్గు విప్పి, ఎర్తుకు వెళ్లే ఆకుపచ్చ వైరు పీకేశాను. మోత ఠక్కున ఆగింది. అన్న వీపు తట్టాడు, నేను పొంగిపోయాను. లోపల ఏదైనా పాడై కరెంటు గిటార్ తీగలదాకా వస్తే, మనిషిని కాపాడేది ఆ వైరేనని తెలియదా? తెలుసు. రేపు సరిచేద్దాంలే అనుకున్నాను. తర్వాత మరిచిపోయాను.

వానాకాలంలో ఒక ఉదయం గిటార్ చేతిలో ఉండగానే షాక్ కొట్టి అన్న పోయాడు. వట్టికాళ్లతో, అప్పుడే తుడిచిన నేల మీద నిలబడి ఉన్నాడట. అందరూ ఆయన్ని ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తారు. నేను మాత్రం ఆ గదిలో ఉండిపోయి ఆకుపచ్చ వైరు మళ్లీ బిగించాను. ఏడుస్తూనే బిగించాను. ఏడిస్తే చేసిన పని మారుతుందా?

సమాధి చేసి వచ్చిన సాయంత్రం అన్న భార్య మేరీ వదిన నన్ను పక్కకు పిలిచింది.

"నీకు కరెంటు పని తెలుసు గదయ్యా, నిజం చెప్పు. నేను తడిగుడ్డ పెట్టకపోతే ఆయన బతికేవాడేగా?"

"ఊరుకో వదినా. మన చేతుల్లో ఏముంది?" అన్నాను, ఆమె మొహం చూడకుండా.

ఆవిడ దాన్ని అవుననే అనుకుంది. అలా అనుకోవాలనే అన్నానా? ఎన్నిసార్లు తవ్వుకున్నా అవుననే తేలుతుంది. తప్పు నా మీదికి రానందుకు ఆ క్షణంలో నాకు హాయిగా కూడా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే నామీద నాకే అసహ్యం.

వదిన ఇప్పటికీ ఆ గదిలో తడిగుడ్డ పెట్టదు. పొడి చీపురుతో ఊడ్చి తలుపు మూసేస్తుంది.

అన్నను చంపింది నీ తడిగుడ్డ కాదు వదినా, నేను. ఈ ముక్క రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆవిడకు మాత్రం ఇంకా చెప్పలేదు.