బొంతలో తప్పిపోయిన సూది

నిన్న మునిమనవడికి కొన్న మెత్తటి దుప్పటిని, వాణ్ణి పడుకోబెట్టేముందు అంతా తడిమి చూశాను. నా ఈడు వాళ్లారా, చలికాలానికి పాత చీరలు మడతపెట్టి కుట్టిన బొంతలు గుర్తున్నాయా?

నిజాం రోజుల్లో, సిద్దిపేటలో, నెల నిండని మా తమ్ముడికి నాయనమ్మ అలాంటి బొంత కుట్టింది. ఆమెకు చూపు ఆనదు కనుక నాలుగు సూదులకూ నేనే దారం ఎక్కించాను. సాయంత్రం డబ్బాలో చూస్తే మూడే ఉన్నాయి. అప్పటికే అమ్మ తమ్ముణ్ణి ఆ బొంతలో పడుకోబెట్టింది. తిడతారని నోరు మెదపలేదు. వాడు కదిలినప్పుడల్లా "కొమురెల్లి మల్లన్నా" అని మొక్కుకున్నాను. చివరికి ఏడుస్తూ చెప్పేశాను.

అమ్మ వాణ్ణి చటుక్కున ఎత్తుకుంది. "గిప్పుడా చెప్పేది? నోట్ల బెల్లం పెట్టుకున్నవా?"

"దాన్నేమనకు. కుట్టింది నేను," అంది నాయనమ్మ. బొంత పరిచి చేత్తో తడిమింది. ఏమీ తగల్లేదు.

"ఇసుర్రాయి తిప్పి తిప్పి చేతులు మొద్దువారినయి బిడ్డా," అంటూ వంగి, బొంతకు చెంప ఆనించి జానెడు జానెడు వెతికింది. ఒక మూలన ఆగి తలెత్తింది. చెంప మీద నెత్తుటి చుక్క. సూదిని బయటికి లాగి డబ్బాలో వేసింది.

"దొరికింది తియ్. ఇగ పండవెట్టు పోరన్ని, సలి వెడ్తుంది."