ప్రతి బండీ ఆగే హాల్టు

విశ్రాంత స్టేషను మాస్టరు, లినక్స్ క్రీడాకారులు, మా ఆదివారపు బులెటిన్‌కు ఏకైక సంపాదకులు శ్రీ దేవదానం గారు మొన్నామధ్య ఒక గురువారం మధ్యాహ్నం కొత్తవలసలో, భోజనానంతరం కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ప్రభువునందు నిద్రించారు. ఈ దుర్వార్తను సాలూరు నుంచి మిత్రుడు అప్పల్నాయుడు ఫోనులో చెప్పాడు. నిశ్చేష్టుణ్ణయ్యానని రాయడం ఇలాంటి వ్యాసాల్లో మర్యాద. నిజంగానే అయ్యాను. అయితే తేరుకున్నాక నా నోటి వెంట వచ్చిన మొదటి ప్రశ్న, "సర్వరు నడుస్తన్నాదా?" అని.

"నానూ అదే అడిగీసేను బావా, ఆళ్ళ తమ్ముణ్ణి," అన్నాడు అప్పల్నాయుడు.

మా ఇద్దరి సంస్కారమూ ఒకే మట్టంలో ఉందని తెలిసి కాస్త ఊరట కలిగింది.

సర్వరంటే మరేమీ కాదు, మాస్టారింటి ముందుగదిలో కుట్టుమిషను పక్కన ఉండే పాత కంప్యూటరు. అందులో ఏడేళ్ళుగా ఒక రైళ్ళ ఆట నడుస్తోంది. పట్టాలు వేయాలి, సిగ్నళ్ళు పెట్టాలి, బండ్లు తిప్పాలి. ఎవరూ ఎవరినీ చంపరు గనక దాన్ని ఆటగా చాలామంది ఒప్పుకోరు. మాస్టారు, సాలూరు లారీ ఆఫీసులో బుకింగు చూసే అప్పల్నాయుడు, శృంగవరపుకోటలో ఇనపకొట్టు వారింట పుట్టి కొట్టు వదిలి కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్న నేను, ముగ్గురమూ ఎవరిళ్ళ నుంచి వాళ్ళం నెట్టు మీద అందులోకి వెళ్ళి ఒకే రైల్వే కంపెనీని నడిపేవాళ్ళం. ముప్ఫై ఏళ్ళకు పైగా బండ్లకు జెండా ఊపిన మనిషి, ఉద్యోగ విరమణ తర్వాత ఇంట్లో కూర్చుని మళ్ళీ బండ్లే తిప్పారు. దాన్ని విశ్రాంతి అంటారని ఆయన నమ్మకం.

మాస్టారి మేధ ప్రధానంగా ప్రశ్నామయం. అందరూ చదవకుండా 'అంగీకరిస్తున్నాను' అని నొక్కేసే షరతుల పత్రాన్ని ఆయన రైల్వే నిబంధనల పుస్తకం చదివినట్టు ఆమూలాగ్రం చదివేవారు. ఒకసారి ఒక కొత్త ఆట కొని, పది రోజులైనా మొదలుపెట్టలేదు. ఎందుకని అడిగితే, పత్రంలో పద్నాలుగో అంశం దగ్గర ఉన్నానని, అందులో 'మేము ఎప్పుడైనా ఈ ఆటను నిలిపివేయవచ్చు' అని రాశారని, బండి ఎక్కిన తర్వాత వంతెన తీసేస్తామని ముందే చెప్పిన రైల్వేని తానెక్కడా చూడలేదని సమాధానమిచ్చారు. ఆ ఆట చివరికి ఆడలేదు. పత్రం మాత్రం పూర్తి చేశారు.

ప్రతి ఆదివారం గుడిలో, అంటే వాళ్ళ చర్చిలో, ఆరాధన ముగించుకొని వచ్చి, కోడికూర ఉడికేలోగా మా ముగ్గురి ఫోను గ్రూపులో బులెటిన్ పెట్టేవారు. నాలుగు వాక్యాల వార్త, పన్నెండు వాక్యాల అభిప్రాయం. "కొత్త వెర్షను వచ్చింది. తొందరపడి ఎక్కవద్దు. కొత్త లైను మీద మొదట ఖాళీ బండి నడుపుతారు. ఆ ఖాళీ బండి మీరు కావద్దు." విండోస్ కోసం చేసిన ఆటలు, మాస్టారి కంప్యూటరులో ఉండే లినక్స్ మీద కూడా ఆడే ఏర్పాటు ఒకటి వచ్చిందన్న వార్తకు నేను ఉప్పొంగిపోయి ఆయనకు ఫోను చేశాను. ఆయన నెమ్మదిగా, "ఆడితే ఆడింది. ఆడదని నానెప్పుడైనా సెప్పేనేట్రా?" అన్నారు. అప్పటికి పదేళ్ళుగా లినక్స్ మీద దొరికిన ఐదారు ఆటలే ఆడుతూ, మిగతావి లేకపోవడం ఒక లోపమని ఒక్కసారి కూడా ఒప్పుకోని మనిషి ఆయన.

నెట్టు మీద ఆట పంపే పద్ధతి, అంటే స్ట్రీమింగు, మా ప్రాంతానికి ఇంకా వార్తగానే ఉన్న రోజుల్లో, హైదరాబాదు నుంచి వచ్చిన పక్కింటి అల్లుడు దాన్ని ఫోనులో చూపించాడు. ఆట ఎక్కడో దూరదేశపు యంత్రంలో నడుస్తుంది, బొమ్మ మాత్రం మన చేతిలోకి వస్తుంది. మాస్టారు జేబులోంచి డ్యూటీ నాటి గడియారం తీసి, అల్లుణ్ణి మీట నొక్కమని, తెర మీద మనిషి ఎప్పుడు గెంతుతాడో చూశారు. పది సార్లు నొక్కించారు. పాత రోజుల్లో ఒంటి లైను మీద, దారి ఖాళీ అని స్టేషను ఇచ్చే టోకెను చేతికందితే గాని డ్రైవరు బండి కదిపేవాడు కాదు. ఇక్కడ గెంతడానికి కూడా టోకెను పరదేశం నుంచి రావాలా అని ఆయన సందేహం. అల్లుడు వేగం పెరుగుతుందన్నాడు.

"పెరుగుతాది బాబూ, కాదన్ను. కానీ ఆట ఆళ్ళింట్లో ఉన్నాది, బొమ్మ మనింట్లో ఉన్నాది. పెళ్ళి వీడియో సూసి బోయినం సేసినట్టు."

ఆ అల్లుడు తర్వాత పండగలకు వచ్చినా మాస్టారింటి వైపు రాలేదు.

ఇందులో ఒక తర్కదోషం ఉందని నేను కనిపెట్టి, గర్వంగా ఆయన ముందు పెట్టాను. మన రైళ్ళు నడిచేది మీ ఇంట్లోనే కదా, నాకూ అప్పల్నాయుడికీ మీరూ ఆ కంపెనీ వంటివారే కదా అన్నాను. మాస్టారు దాని మీద వారమంతా ఆలోచించారు. ఆదివారం బులెటిన్‌లో వార్తలేవీ లేవు. "గుప్తా అడిగినది న్యాయమైన ప్రశ్న. నేను శాశ్వతం కాదు. ప్రతి ఆదివారం ఆట నకలు తీసి మీ ఇళ్ళలో దాచుకొనవలెను. పనిలో పనిగా తెలుగు ఫాంటు కూడా పెట్టుకొనవలెను." మేమిద్దరం అలాగేనన్నాం. నకలు తీయలేదు. ఫాంటు పెట్టలేదు.

ఫాంటు సంగతికి ఒక చరిత్ర ఉంది. ఆటలో మా లైను ఘాటు, అంటే కొండదారి, ఎక్కే ముందు, మొదటి సొరంగానికి ఇవతల మాస్టారు ఒక హాల్టు కట్టారు. చుట్టుపక్కల ఊరు లేదు, గని లేదు. ఎక్కేవారు లేరు, దిగేవారు లేరు. కానీ ప్రతి బండీ, ఇనప రాయి మోసే గూడ్సుతో సహా, అక్కడ ఆగి తీరాలని ఆయన ఆజ్ఞ వేశారు. దానివల్ల మా మొత్తం లైను ఆలస్యం. ఆ హాల్టు పేరును మాస్టారు తెలుగులో పెట్టారు. మా యంత్రాల్లో తెలుగు ఫాంటు లేదు గనక మాకు అక్షరానికొకటి, గుణింతపు గుర్తుకొకటి చొప్పున నాలుగు ప్రశ్నార్థకాలు కనిపించేవి. పేరేమిటని అడిగితే, ఫాంటు పెట్టుకుంటే కనపడుతుందని అనేవారు. జీవితమంతా రైల్వేకు సమాధానాలు చెప్పుకున్న మనిషి చివరికి రైల్వేనే ప్రశ్నిస్తున్నాడని నేను ఒక తాత్విక వ్యాఖ్యానం చేశాను. అప్పల్నాయుడిది సామాన్య దృష్టి. ముగ్గురమే ఉన్నాం, నాలుగు గుర్తులున్నాయి గనక నాలుగో మనిషినెవరినో చేర్చుకునే ఉద్దేశం ఉందన్నాడు. ఆ హాల్టు ఎత్తేద్దామని నేను ఏటా ప్రతిపాదించేవాణ్ణి.

"నీకేటి నొప్పి? ఆగనీ," అనేవారు.

శుక్రవారం కొత్తవలస వెళ్ళాం. ముందుగదిలో మాస్టారు ఐసు పెట్టెలో ఉన్నారు. ఆ పెట్టెకు కరెంటు కావాలి, గదిలో ఉన్నది ఒక్కటే ప్లగ్గు. దాంట్లోంచి కంప్యూటరు తీగ లాగేసి పెట్టె తీగ పెట్టారు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ఆ పరిస్థితిలో నేనైనా అదే చేసేవాణ్ణి, బహుశా.

తర్వాతి వారం జ్ఞాపకార్థ కూడిక జరిగింది. సంఘస్థులు ఒక్కొక్కరూ లేచి ఆయన గురించి సాక్ష్యం చెప్పారు. నన్నూ చెప్పమంటే చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు, నవ్వించాలని చూసి విఫలమయ్యాను. అందరూ వెళ్ళాక అప్పల్నాయుడూ నేనూ తీగ మళ్ళీ ప్లగ్గులో పెట్టి కంప్యూటరు మీట నొక్కాం. లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. ఏడేళ్ళు ఆగకుండా తిరిగిన డిస్కు, ఒకసారి ఆగాక మళ్ళీ తిరగలేదు. మూడు సార్లు నొక్కాం. ఏడేళ్ళ పట్టాలు, ఇరవై ఆరు సొరంగాలు, ఆయన చేత్తో పెట్టిన ప్రతి సిగ్నలూ అందులోనే ఉన్నాయి. పరాయి ఇంట్లో ఉన్న ఆట నీది కాదని ఆయన చెబుతూనే ఉన్నారు. పరాయి ఇల్లు ఆయనదే అయినందువల్ల మేం వినలేదు.

టీ గ్లాసులతో వచ్చిన కరుణమ్మ గారు, మాస్టారి సతీమణి, మా వాలకం చూశారు.

"ఏటి బాబూ, ఆ పెట్టెకాడ మల్లీ ఏడుపేటి?"

పాడైపోయిందని, ఆట పోయిందని, నకలు తీయమన్నా మేం తీయలేదని చెప్పాను.

"నకలంటే, ఆదోరం ఆదోరం ఎట్టి తీసేదేనా?"

ఆవిడ గూట్లోంచి బైబిలు తెచ్చి, దాని జిప్పు సంచి తెరిచి, కీర్తనల పుస్తకం వెనక నుంచి ఒక పెన్ డ్రైవు తీశారు. గుడికి బయల్దేరే ముందు దాన్ని కంప్యూటరుకి గుచ్చి, పచ్చ గుర్తు వచ్చాక తీసి బైబిలు సంచిలో పెట్టుకోవడం ఆవిడ పని. అసలూ నకలూ ఒకే కప్పు కింద ఉండకూడదని మాస్టారి నియమం. కనీసం ఆరాధన జరిగే రెండు గంటలైనా ఆ నియమం పాటించారు. ఏమిటని ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు.

నా ల్యాప్‌టాప్‌లో గుచ్చాం. మాస్టారు ఆట ఒక్కటే కాక దాని సరంజామా అంతా నకలు తీయించారు, ఫాంటుతో సహా. ఆట తెరుచుకుంది. బండ్లు కదిలాయి. అప్పల్నాయుడు తెరను ఘాటు దాకా జరిపి, ఆపేశాడు. నా మోచేతిని పొడిచాడు. సొరంగానికి ఇవతల, నాలుగు ప్రశ్నార్థకాలు ఉండాల్సిన చోట, 'కరుణ' అని ఉంది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఒక గూడ్సు వచ్చి ఆగింది, కాసేపుండి వెళ్ళిపోయింది.

"ఇక్కడెవులూ ఎక్కరేటి?"

"ఎక్కరమ్మగారూ."

"దిగరా?"

"దిగరండి."

"మరెందుకు ఆగుతాది?"

ఏడేళ్ళుగా ఆ ప్రశ్న వేసినవాణ్ణి నేనే గనక జవాబు చెప్పే బాధ్యత నామీద పడింది. మాస్టారలా ఆజ్ఞ వేశారండి, అన్నాను.

"ఉజ్జోగం సేసినన్నాళ్ళూ బండొస్తాది, బండొస్తాదని పరుగే, ఆయన ఇంట్లో కూసుంటే ఒట్టు," అన్నారావిడ. తర్వాత కుట్టుమిషను దగ్గరి పీట లాక్కుని తెరకు ఎదురుగా కూర్చున్నారు. "ఇంకో బండొస్తాదా?"

"వస్తాదండి," అన్నాడు అప్పల్నాయుడు.

టీ చల్లారింది. ఆవిడ పదకొండు బండ్లు చూశారు.

ఇప్పుడు ఆ ఆట కొత్తవలసలో, సాలూరులో, కోటలో, మూడు కప్పుల కింద భద్రంగా ఉంది. ఇది మా ఘనత కాదు, ఆయన దూరదృష్టికి ఆలస్యంగా చెల్లించిన నివాళి. వార్తలు వస్తూనే ఉంటాయి, కొత్త వెర్షన్లు వస్తూనే ఉంటాయి. వాటిలో ఏది ఎక్కాలో ఏది ఎక్కకూడదో చెప్పే మనిషి లేడు, ఆదివారం పన్నెండున్నరకు ఫోను చూసుకుని మళ్ళీ జేబులో పెట్టుకుంటున్నాను. ఆ హాల్టు ఎత్తేసే అధికారం కంపెనీ భాగస్వాములుగా మా ఇద్దరికీ ఉంది. ఈ ఏడు నేను ప్రతిపాదన పెట్టలేదు. ఆలస్యాన్ని కంపెనీ భరిస్తుంది.