జంట పుటలు

అచ్చుయంత్రాలు మూడు తరాలు మారి, సీసపు అక్షరాలు కరిగి కనుమరుగై, తాను కుట్టిన బడిపుస్తకాలు చదివినవారి మనుమలు మళ్లీ బడిబాట పట్టినంత కాలం, నలభై ఏళ్లకు పైగా, ఒకే కిటికీ పక్కన ఒకే బల్ల ముందు కూర్చుని లక్షల పుటలకు వెన్ను నిలిపిన ఆ బైండరమ్మకు, యాభై ఎనిమిదో ఏటి దాకా ఒక్క అక్షరమూ రాదంటే నమ్మేవారెవరు? పుట అడుగున ఉన్న అంకెతోనే ఆమె వరుస పట్టేది. ఎవరైనా అడిగితే, "వండేవాళ్లంతా తినాలనేముంది?" అని నవ్వేసేది.

వీధి చివరి చదువుగదిలో వారానికొకసారి పదిహేను మంది కూడేవారు. పత్రికైనా ప్రభుత్వ ప్రకటనైనా ఒకరు పైకి చదివేవారు. విన్నవారిలో ఏ ఒక్కరికి బోధపడకున్నా పుట తిప్పరాదు. అది వారి కట్టుబాటు. చినిగిన పుస్తకాలు బాగుచేసే నెపంతో వెళ్లిన ఆమె, కోడలి పక్కన కూర్చుని, ఆమె చూపిస్తుంటే అక్కడే అక్షరాలు దిద్దింది.

అంతలో ఆ గది మూసి దుకాణాలకు ఇస్తామని వార్డు కార్యాలయం నోటీసు అంటించింది. అభ్యంతరాలు సభలో వింటారట. ఎవరి మాట వారే చదవాలట. బృందం తలా ఒక పుట రాసి, చిన్న పుస్తకంగా తామే అచ్చు వేయించుకుంది. కుట్టుపని ఆమెదే.

"నలభై ఏళ్లు పుస్తకాలు కుట్టాను. చదవడం ఈ గదిలో నేర్చుకున్నాను." ఆమె పుటలో ఉన్నది ఇంతే. రాసినప్పుడు గర్వపడింది, సభ రేపనగా గుండె జారింది.

"అత్తయ్యా, కత్తెందుకు తీశారు?"

"నా పేజీ కోసేస్తానే. అందరి ముందు తడబడితే, పనిచ్చేవాళ్లు నవ్వరూ?"

"నవ్వితే వాళ్ల పళ్లే బయటపడతాయి!"

ఆమె వినలేదు. ఇంకా కుట్టని కాగితాల్లో మొదటిది లాగింది. ఒకవైపే అచ్చయి, నడిమికి మడిచిన ఆ కాగితంలో ఒక సగం తనది. రెండో సగం బృందంలోని వీధులూడ్చే ఆమెది. "నా కూతురు చదువుకునేది ఈ గది దీపం కిందే" అని ఉంది అందులో. తన సగం కోస్తే మడత పోయి, రెండో సగానికి కుట్టు ఆనదు. నాలుగుసార్లు తిప్పేసరికి రాలిపోతుంది. చేతులకు నలభై ఏళ్లుగా తెలిసిన సంగతి, భయంలో మరచింది.

"నా నోరు కట్టుకుందామంటే దాని నోరూ పోయేట్టుందే!" అని కత్తి కింద పెట్టి, సూదిలో దారం ఎక్కించింది.

మరునాడు సభలో ఆమె లేవగానే అధ్యక్షుడు, "ఇలా ఇవ్వండమ్మా, మీకు మాత్రం గుమాస్తా చదువుతాడు" అన్నాడు.

"వద్దు నాయనా. మీరు కూర్చునే ఉన్నారుగా, నిలబడే ఓపిక నాకుంది."

అక్షరం కింద వేలుంచి చదివింది. 'నేర్చుకున్నాను' దగ్గర వేలు ఆగింది. బృందంలో ఎవరూ మాట అందివ్వలేదు. ఆమె దాటేదాకా పుట తిరగదని వారికి తెలుసు. ఆ నిరీక్షణ వరుస వరుసకూ పాకి, సభంతా ఆమె వేలినే చూసింది. చివరకు ఆ మాట సంపూర్ణంగా వెలువడినప్పుడు, వాక్కును వెలుగన్న పెద్దల పలుకు అక్కడున్నవారికి కళ్లెదుట నిలిచినట్లయింది. వెంటనే వీధులూడ్చే ఆమె లేచి తన పుట చదివింది. ఆ సాయంత్రమే వార్డు సభ్యులు చేతులెత్తి నోటీసును రద్దు చేశారు.

ఆ తల్లి వేళ్లకు పట్టు సడలకుండుగాక. అక్షరం చూపిన ఆ కోడలి కడుపు చల్లగా ఉండుగాక. ఆ ఇంటి బల్ల మీద ఏ పుటా తన జంటను ఎన్నడూ ఎడబాయకుండుగాక!